సిమ్యులేటర్ మీద లాపరోస్కోపీ - 4వ పాఠం: 30 డిగ్రీల స్కోపు

స్కోపు, అంటే లాపరోస్కోపీలో చిన్న రంధ్రం గుండా పొట్టలోకి దూర్చి చూసే కెమెరా గొట్టం, దాని సంగతి తర్వాత. ముందు పోయినసారి పెగ్ ట్రాన్స్‌ఫర్ (రింగును ఒక చేతి పనిముట్టు నుంచి రెండో చేతి పనిముట్టుకి మార్చి ఇంకో మేకుకి తగిలించే అభ్యాసం) గొడవ తేల్చాలి. మీ దగ్గర్నుంచి వచ్చిన స్కోరు షీట్లన్నీ దాదాపు ఒకే తీరు: టైము బాగుంది, ఎడమచేతి పాత్ లెంగ్త్ (పనిముట్టు కొన తిరిగిన మొత్తం దూరం) మాత్రం కుడిచేతికి రెట్టింపు. రింగు చేతులు మారేచోట రెండు గ్రాస్పర్లూ (పట్టుకునే పనిముట్లు) ఒకదాన్నొకటి వెతుక్కుంటున్నాయి. ఇచ్చే చెయ్యి తెర మధ్యలో కదలకుండా ఆగాలి, పుచ్చుకునే చెయ్యే రావాలి. టైము అంకెను కాగితంతో కప్పేయండి. నా లెక్కలో ముందు పాత్ లెంగ్త్, తర్వాత తప్పులు, చివరికి టైము.

చెయ్యి ఎడమకి వెళ్తే లోపల పనిముట్టు కొన కుడికి ఎందుకు పోతుందో 1వ పాఠంలోనే అయిపోయింది.

ఇక స్కోపు. 30 డిగ్రీల స్కోపు తిన్నగా కాక 30 డిగ్రీలు వాలుగా, తనకి వెలుగు తెచ్చే లైట్ కేబుల్‌కి ఎదురు దిక్కు చూస్తుంది. కేబుల్ గడియారంలో 12 దగ్గరుంటే చూపు కిందికి, 6 దగ్గరుంటే పైకి, 9 దగ్గరుంటే కుడికి, 3 దగ్గరుంటే ఎడమకి. నాళాన్ని మూసే క్లిప్ వేసేటప్పుడు దాని రెండో కొన నాళం అవతల బయటపడిందో లేదో చూడాలంటే ఈ పక్కచూపే దిక్కు.

అందరూ పడే గొయ్యి ఒకటుంది. పక్కకి చూడాలనగానే కేబుల్‌తోపాటు కెమెరా హెడ్‌నీ (స్కోపు వెనక కొసకి తగిలించే కెమెరా) తిప్పేస్తారు. బొమ్మ మొత్తం ఒరిగిపోతుంది, లివర్ గోడకి వేలాడుతున్నట్టు కనిపిస్తుంది. చూపు మార్చేది కేబుల్. బొమ్మను నిటారుగా నిలిపేది కెమెరా హెడ్. హెడ్ మీది బటన్లు ఎప్పుడూ పైకే ఉండాలి, ఒక చెయ్యి దాన్ని బిగించి పట్టుకోవాలి, రెండో చెయ్యి కేబుల్ మొదలును మాత్రమే తిప్పాలి. బొమ్మ ఒరిగితే సర్జన్ పైకనుకుని లాగింది పక్కకి పోతుంది. తప్పు కెమెరా పట్టినవాళ్ళది, తిట్లు మాత్రం ఆపరేషన్ చేసేవాళ్ళకి! లాప్ మెంటర్ లాంటి సిమ్యులేటర్ యంత్రాలు బొమ్మను ఎంతసేపు నిటారుగా ఉంచారో శాతంగా చూపిస్తాయి. ఆ అంకె చూడకుండా సెషన్ మూసేయకండి.

అభ్యాసం: స్కోపు ఎడమచేత్తో, గ్రాస్పర్ కుడిచేత్తో పట్టి కెమెరా నావిగేషన్ అనే అభ్యాసం చెయ్యండి. కేబుల్ తిప్పాల్సినప్పుడు గ్రాస్పర్ వదిలేసి ఆ చేత్తోనే తిప్పాలి. మీ సీనియర్ స్కోరును వరుసగా రెండుసార్లు అందుకోవాలి. 2002లో యేల్‌లో 16 మంది రెసిడెంట్ల మీద చేసిన అధ్యయనంలోనూ వీఆర్ (వర్చువల్ రియాలిటీ) సిమ్యులేటర్ శిక్షణకి ఇదే గీటురాయి. అలా నేర్చినవాళ్ళు మామూలు శిక్షణ పొందినవాళ్ళకన్నా గాల్‌బ్లాడర్‌ను 29 శాతం త్వరగా వేరుచేశారు. మీకు రెండోసారి ఆ స్కోరు తప్పితే మొదటిదీ చెల్లదు. ఒక్కసారి కూర్చుంటే అరగంట మించొద్దు.