ఇంట్లో హరేకృష్ణ కీర్తన నడిపించే పద్ధతి

69 ఏళ్ల వయసులో, 1965లో, సరకుల ఓడలో అమెరికా చేరిన భక్తివేదాంత స్వామి ప్రభుపాదులు మరుసటి ఏడాది న్యూయార్క్‌లో ఇస్కాన్‌ను స్థాపించి, మన రాగతాళాలతో పరిచయమే లేని యువకుల చేత టాంప్‌కిన్స్ స్క్వేర్ పార్కులో చెట్టు కింద నామం పాడించారు. ఆ పద్ధతి విజయవాడ సత్యనారాయణపురంలో మా డాబా మీదా చక్కగా కుదిరింది. అందులో ముందు పాడేవారికన్నా వంత పాడేవారే ముఖ్యం.

మన ఏకాహాల్లో, అంటే రోజంతా ఆగకుండా సాగే నామకీర్తనల్లో, చాలాచోట్ల ‘హరే రామ’ ముందు వస్తుంది, ఈ మంత్రం ఉన్న కలిసంతరణోపనిషత్తు ప్రతుల్లో ఎక్కువగా కనిపించేదీ ఆ వరుసే. ఇస్కాన్ వారు మాత్రం ‘హరే కృష్ణ హరే కృష్ణ, కృష్ణ కృష్ణ హరే హరే, హరే రామ హరే రామ, రామ రామ హరే హరే’ అని ‘హరే కృష్ణ’తో మొదలుపెడతారు. ఏ వరుసో కూర్చోగానే అందరికీ చెప్పండి, లేకపోతే సగంమంది ఒకటి, సగంమంది మరొకటి ఎత్తుకుంటారు. మీరు పదహారు నామాలూ పూర్తిగా పాడి, చివరి ‘హరే’ సాంతం వినిపించాక ఆగితే, మిగిలినవారు అదే వరుసలో అందుకుంటారు. శ్రుతి మీ గొంతుకు కాక, వంత పాడే ఆడవారికీ పెద్దలకూ పైస్వరం అందేలా పెట్టుకోండి.

కంచు తాళాలను మొదటి రెండు దెబ్బలు మూసి, మూడోది తెరిచి మోగనిచ్చి, నాలుగో లెక్కను ఆ నాదానికే వదలాలి. ఆ నాలుగో లెక్కను తొందరపడి కొట్టడం వల్లనే నడక పరుగవుతుంది. పోయిన కార్తీకంలో నేను అయిదు నిమిషాలకే వేగం పెంచితే, ముందు వరుసలో ఉన్న మా పిన్నిగారి పెదవులు కదులుతున్నాయి గానీ గొంతు వినపడలేదు, కాసేపటికి ఆవిడ చేతులు ఒళ్లోకి జారిపోయాయి. అప్పటినుంచి ఒకే బాణీని కనీసం పావుగంట నిదానంగా నడిపి, వెనక వరుస గొంతు కలిశాకే వేగం పెంచుతున్నాను. ఇస్కాన్ వారు వాయించే మట్టి మృదంగం దొరకకపోతే డోలక్ చాలు, అయితే దాని మోత నామాన్ని మించకూడదు.

వేగం పతాకస్థాయికి చేరాక ఒక్కసారిగా ఆపి, జయధ్వానాలు పలికి, అందరినీ కూర్చోబెట్టి ఒక మాల జపం చేయించండి. చూపుడువేలు తగలకుండా, బొటనవేలు, మధ్యవేలితో పూసకొక పూర్తి మంత్రం చొప్పున 108 పూసలు తిప్పి, మాల మొదలూ చివరా కలిసేచోట ఉండే మేరుపూసను దాటకుండా మాలను వెనక్కి తిప్పుకోవాలి. కొత్తవారికి పది నిమిషాలు పడుతుంది, వారిదీ పూర్తయ్యాకే ప్రసాదం వడ్డించండి.