పడవ మోటార్ లాగడం లేదా? ముందు బ్యాటరీ, వైరు, షాఫ్టు చూడండి

తడ, సూళ్లూరుపేట వైపు పులికాట్‌లోనో, పిచ్చాటూరు అరణియార్ రిజర్వాయర్‌లోనో తెడ్లతో నడిపే చిన్న పడవకు బ్యాటరీ మోటార్ బిగించాలనుకునేవాళ్లు మొదట అడిగేది ఒకటే: "ఎన్ని పౌండ్లది కొనాలి?" ఈ మోటార్ల బలాన్ని పౌండ్ల థ్రస్ట్‌లో (పడవను నెట్టే బలం) చెబుతారు కాబట్టి అలా అడగడం సహజమే. కానీ కొన్నాక ఏడిపించేవి ఎక్కువగా బ్యాటరీ, వైరు, షాఫ్టు (మోటార్‌ను నీళ్లలోకి దించే గొట్టం) పొడవు. అందుకే ఎక్కడ ఏం చెడుతుందో ముందు తెలుసుకుని, ఆ తర్వాత డబ్బు తీయండి.

సమస్య: ఎదురుగాలి వస్తే పడవ ముందుకు పోదు

బరువుకు తగిన థ్రస్ట్ లేదు. మనుషులు, పడవ, బ్యాటరీ, వలలు అన్నీ కలిపి ప్రతి 45 కిలోలకు 2 పౌండ్లు కావాలి. మొత్తం 450 కిలోలైతే 20 పౌండ్లు. ఇది గాలి లేనప్పటి లెక్క. మధ్యాహ్నం సముద్రపు గాలి లేచాక పులికాట్‌లో ఇది ఏ మూలకూ చాలదు. అక్కడికి రెట్టింపో ఇంకాస్త ఎక్కువో, అంటే 40 నుంచి 55 పౌండ్లు తీసుకోండి. అంతకు మించి పెద్దది కొంటే స్పీడు పెరుగుతుందనుకోవద్దు. 12 అడుగుల తెడ్ల పడవ గంటకు 8 కిలోమీటర్లు దాటడమే కష్టం.

సమస్య: గంట తిరక్కుండానే బ్యాటరీ దిగిపోతుంది

12 వోల్టుల మోటార్ ఫుల్ స్పీడులో పౌండుకు దాదాపు ఒక ఆంపియర్ లాగుతుంది. 55 పౌండ్లదైతే 50 ఆంపియర్ల దాకా పోతుంది. 100 ఏహెచ్ (ఆంపియర్ అవర్, బ్యాటరీ ఎంత కరెంటు దాచుకోగలదో చెప్పే కొలత) లెడ్ యాసిడ్ బ్యాటరీలో సగం వరకే వాడాలి, లేకపోతే దాని ఆయుష్షు పడిపోతుంది. కాగితం మీద అది ఒక గంట. ఒక్కసారిగా అంత కరెంటు లాగితే ఆ గంట కూడా రాదు.

ఇక్కడ చాలామంది ఇంట్లో ఉన్న బ్యాటరీతో సరిపెట్టుకుంటారు. కారు బ్యాటరీ ఇంజిన్ స్టార్ట్ చేయడానికి చేసింది. నాలుగుసార్లు పూర్తిగా దించితే పాడైపోతుంది. ఇన్వర్టర్ ట్యూబ్యులర్ బ్యాటరీ లోతుగా దించినా తట్టుకుంటుంది గానీ, 150 ఏహెచ్‌ది 50 కిలోలు దాటుతుంది. పడవ ఒక పక్కకు ఒరిగితే యాసిడ్ ఒలుకుతుంది. పిల్లలను ఎక్కించుకునే పడవలో దాన్ని పెట్టవద్దనే నా మాట. చేతిలో డబ్బుంటే మోటార్ ఒక సైజు తగ్గించి అయినా లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ కొనండి. 100 ఏహెచ్‌ది 12 కిలోల దగ్గర ఉంటుంది, ఎనభై శాతం పైనే వాడుకోవచ్చు.

మోటార్ స్పీడు కంట్రోల్ కూడా అడిగి తెలుసుకోండి. ఐదు మెట్ల స్విచ్ ఉండే రకం తక్కువ స్పీడులో కొంత కరెంటును కాయిల్‌లో వేడిగా పోగొడుతుంది. డిజిటల్ కంట్రోల్‌ది మెల్లగా నడిపేవాళ్లకు బాగా కలిసొస్తుంది.

సమస్య: ఫుల్ పెట్టగానే ఆగిపోతుంది, కాసేపటికి మళ్లీ నడుస్తుంది

లిథియం బ్యాటరీలోని బీఎంఎస్ (ఎక్కువ కరెంటు లాగితే బ్యాటరీని కాపాడటానికి ఆపేసే సర్క్యూట్) కట్ చేస్తోంది. బ్యాటరీ 100 ఏహెచ్‌దైనా బీఎంఎస్ 50 ఆంపియర్లదే అయితే 55 పౌండ్ల మోటార్‌కు చాలదు. కొనేముందు "నిరంతరంగా ఎన్ని ఆంపియర్లు ఇస్తుంది?" అని అడగండి. 100 ఆంపియర్లదైతే టెన్షన్ ఉండదు.

సమస్య: వైరు వేడెక్కుతోంది, మోటార్ నీరసంగా తిరుగుతోంది

బ్యాటరీని పడవ ముందు పెట్టి, మూడు మీటర్ల దూరానికి ఇంటి వైరింగ్‌లో వాడే 2.5 స్క్వేర్ ఎంఎం వైరు లాగి ఉంటారు. పోనూ రానూ ఆరు మీటర్లు. 50 ఆంపియర్ల దగ్గర రెండు వోల్టుల పైనే దారిలోనే పోతుంది, వైరు కాలే ప్రమాదమూ ఉంది. 16 స్క్వేర్ ఎంఎం రాగి వైరు వేస్తే పోయేది అర వోల్టు కూడా ఉండదు. బ్యాటరీ పక్కనే మోటార్‌కు తగిన డీసీ బ్రేకర్ పెట్టండి. ఇంట్లో వాడే ఏసీ ఎంసీబీ వద్దు. లగ్గుల (వైరు చివర బిగించే లోహపు కొనలు) మీద పచ్చటి చిలుము కనబడితే గీకి, బిగించి, గ్రీజు రాయండి.

సమస్య: మోటార్ అరుస్తుంది, పడవ కదలదు

ఫ్యాను (నీటిని నెట్టే రెక్కలు) పైకి తేలి గాలి పీలుస్తోంది. రెక్క పైఅంచు నీటి మట్టానికి జానెడు లోపల ఉండాలి. పడవ వెనుక పలక ఎత్తు కొలవకుండా షాఫ్టు కొనవద్దు. 30, 36 అంగుళాలవి దొరుకుతాయి. పులికాట్ సగటు లోతు మీటరు దగ్గరే కాబట్టి, షాఫ్టును పైకీ కిందికీ జరిపే బిగింపు ఉన్నదే తీసుకోండి. మెత్తటి బురదలో ఫ్యాను కూరుకుంటే చేత్తో ఎత్తేయాలి.

ఫ్యాను నీళ్లలోనే ఉన్నా ఇదే జరిగితే, ఫ్యానును తిప్పే లోపలి పిన్ను తెగింది. నట్టు విప్పి కొత్తది వేయండి. ఒకటి రెండు పిన్నులు, పానా పడవలోనే ఉంచుకోండి. పనిలో పనిగా ఫ్యాను వెనక చూడండి. తెగిన వల దారం సన్నగా చుట్టుకుని, వేడికి కరిగి, సీలును కోసేస్తుంది. ఆ తర్వాత మోటార్‌లోకి నీళ్లు పోతాయి. గుర్రపు డెక్క చుట్టుకున్నా స్విచ్ ఆపి, బ్యాటరీ వైరు తీసి, అప్పుడే చెయ్యి పెట్టండి.

సమస్య: ఒక్క ఎండాకాలానికే మోటార్ బాడీకి తెల్లటి పొక్కులు

మంచినీటికి చేసిన మోటార్‌ను ఉప్పునీటిలో వాడుతున్నారు. అరణియార్‌కు అది చాలు. పులికాట్‌కు ఉప్పునీటి రకమే కొనాలి, మోటార్ లోహానికి బదులు తాను అరిగే జింక్ ముక్కను సగం అరిగాక మార్చాలి. ఒడ్డుకు రాగానే మోటార్‌ను పైకెత్తి మంచినీటితో కడగండి. పులికాట్‌లో పక్షుల అభయారణ్యం ఉంది కాబట్టి అక్కడ మోటార్ తిప్పేముందు అటవీ శాఖ అనుమతి తీసుకోండి. ఎక్కడ తిప్పినా తెడ్లు పడవలోనే ఉండాలి, ఎక్కిన ప్రతి మనిషికీ లైఫ్ జాకెట్ ఉండాలి.