సార్వాలో తీయాలి, దాళ్వాలో దాచాలి: డెల్టా చేలో నీటి లెక్క

గోదావరి డెల్టాలో కూర్చుని నీటి పొదుపు గురించి మాట్లాడితే ముందు నవ్వుతారు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది, అప్పట్నుంచీ మనకి నీళ్లంటే కాలువలో వచ్చేవి, తూము తీస్తే చేలో పడేవి, అంతే. కానీ ఇప్పుడు అక్టోబరులో మోకాల్లోతు మునిగిన మడే మార్చికి నెర్రెలిస్తోంది. ఒకే చేనుకి ఆరు నెలల్లో రెండు రోగాలు. రెండిటికీ మందు వేరు కాబట్టి విడివిడిగానే చెప్తా.

ముందు సార్వా, అంటే వానాకాలం వరి. ఇక్కడ నీళ్లు పెట్టడం గొప్ప కాదండీ, తీయడం తెలియాలి. దానికంటే ముందు తేదీ. స్వర్ణ రకం వరి దాదాపు 150 రోజుల పంట. జూన్ పదికల్లా ఆకుమడి (నారుమడి) పోస్తే నవంబరు మొదటి వారంలో కోతకొస్తుంది, అదే జూలై మధ్యకి జారితే డిసెంబరులో తుపాను నోట్లో పెట్టినట్టే. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను తీరం దాటింది బాపట్ల దగ్గర, కానీ ఇక్కడ కోసి పనల మీదున్న వరి తడిసి మొలకలొచ్చింది. ముందే కోసుకున్నవాళ్లు బతికారు. 2022లో మన డెల్టాకి జూన్ 1నే నీళ్లు వదిలారు, అలాంటి ఏడాది కూడా పక్కవాడు ఊడ్చాక (నాట్లేశాక) చూద్దాంలే అని కూర్చుంటే తప్పు కాలువది కాదు. మంచినీటి బోరు ఉంటే కాలువ కోసం చూడకుండా ఆకుమడి పోసేయండి.

రెండోది మురుగు బోదె. మే నెలలో కాలువలు కట్టేసి ఉన్నప్పుడు, భూమి ఆరి ఉన్నప్పుడు దీని పని పట్టాలి. అందరూ చేలోకి నీళ్లొచ్చే బోదె చెక్కుకుంటారు, చేలోంచి నీళ్లు పోయే బోదె మాత్రం ఎవరిదీ కాదు. పల్లపు మూల ఎక్కడో చూసి, అక్కడి నుంచి డ్రెయిన్ దాకా, అంటే పెద్ద మురుగు కాలువ దాకా నడవండి. తూము గొట్టం సగం పూడి ఉంటుంది, కల్వర్టు కింద గుర్రపుడెక్క అట్టలా పేరుకుని ఉంటుంది. నేను ఒక ఏడాది నా గట్టు వరకే శుభ్రం చేసి చేతులు దులుపుకున్నా. వాన పడితే నీళ్లు నా గట్టు దాటి నాలుగు చేల అవతల ఆ గుర్రపుడెక్క దగ్గర ఆగి, వెనక్కి తిరిగి నా చేలోకే వచ్చాయి. తర్వాతి ఏడాది నుంచి ఆ డ్రెయిన్ మీద ఆధారపడ్డవాళ్లం అందరం కలిసి తలా కొంత వేసుకుని తీయిస్తున్నాం. అధికారులకి అర్జీ పెట్టండి, పెట్టొద్దనను, కానీ వాన అర్జీ చూసి ఆగదు.

సముద్రానికి దగ్గరి ఊళ్లవాళ్లకి ఇంకో మాట. పోటు వచ్చినప్పుడు డ్రెయిన్లో నీళ్లు వెనక్కి ఎక్కుతాయి, అప్పుడు తూము తెరిచి ఉంటే మురుగు పోకపోగా ఉప్పునీరు లోపలికొస్తుంది. పోటుకి మూయాలి, ఆటుకి తీయాలి. రాత్రి కూడా, వేరే దారి లేదు.

ఏటా మునిగే చేనైతే స్వర్ణ సబ్-1 వేసి చూడండి, అది రెండు వారాల దాకా మునకని ఓర్చుకుంటుంది. మునిగి తేలాక కంగారుపడి నీళ్లలోనే యూరియా చల్లకండి. ముందు నీళ్లు తీసేయాలి, ఆ తర్వాత ఎకరాకి 20 కిలోల యూరియా, 10 కిలోల పొటాష్ వేస్తే పైరు తేరుకుంటుంది. కోత దశలో పడిపోయిన చేనుకి లీటరు నీటికి 50 గ్రాముల కల్లుప్పు కలిపి వెన్నుల మీద కొడితే మొలక ఆగుతుంది.

ఇక దాళ్వా, అంటే రబీలో వేసే రెండో వరి. ఎండాకాలంలో గోదావరి సన్నబడితే ఎగువన సీలేరు జలవిద్యుత్ కేంద్రాల నుంచి వచ్చే నీళ్లే దిక్కు. అవి తగ్గితే వంతులు పెడతారు, వంతు కాలువ చివరి చేలకి వచ్చేసరికి కాలువలో చేపలు పట్టుకోవచ్చు. ఒక లెక్క చెప్తా, కాలువ నీళ్లు చూసే మా లస్కరు కూడా నమ్మలేదు: ఎకరం చేలో ఒక్క అంగుళం నీరంటే దాదాపు లక్ష లీటర్లు. రెండంగుళాలు చాలినచోట నాలుగంగుళాలు నిలబెడితే రెండు లక్షల లీటర్లు ఊరికే పెట్టినట్టు.

దీనికి నేను చేస్తున్నది పైపు పద్ధతి. నాలుగంగుళాల పీవీసీ పైపు ముక్క ఒక అడుగు పొడవు కోయించండి. కింది సగానికి చుట్టూ చిన్న బెజ్జాలు పెట్టి, బెజ్జాలున్న సగం భూమిలోకి దిగేలా, గట్టుకి దగ్గరగా, చేను చదునుగా ఉన్నచోట పాతండి. పాతాక లోపలి మట్టంతా చేత్తో తోడేయాలి. ఇది మర్చిపోతేనే మోసం. మొదటిసారి నేను తోడలేదు, లోపల బురద మీద చెంచాడు నీళ్లు మెరుస్తుంటే ఇంకా తడి ఉందనుకుని మూడు రోజులు అలా వదిలేశా. గట్టు మీద పోతూ మా పక్క చేను బావ "ఏంటి బావా, గ్లాసుతో బోరేస్తున్నావా?" అన్నాడు. అప్పటికి పైరు ఆకులు చుట్టుకుంటున్నాయి.

ఊడ్చిన మొదటి రెండు వారాలు ఈ జోలికి పోకండి, పల్చగా నీళ్లుంచితేనే కలుపు అదుపులో ఉంటుంది. తర్వాత నీళ్లు పెట్టడం ఆపి పైపులో చూస్తూ ఉండండి. నేల మట్టానికి అరడుగు, అంటే 15 సెంటీమీటర్ల కిందికి దిగాక మళ్లీ రెండంగుళాలు పెట్టండి. పైన నేల ఆరినట్టు కనిపిస్తే టెన్షన్ పడొద్దు, వేర్లు కిందున్న తడి తాగుతాయి. యూరియా వేయాలంటే నీళ్లు పెట్టే ముందే, నేల ఆరి ఉన్నప్పుడే వేయండి. పూతకి వారం ముందు నుంచి పూత అయిన వారం దాకా మాత్రం ఆరబెట్టే ఆట వద్దు, రెండంగుళాలు ఉండాల్సిందే, లేకపోతే తాలు గింజలు చేతికొస్తాయి. కోతకి వారం పది రోజుల ముందు నీళ్లు పూర్తిగా తీసేయాలి.

ఒక చిక్కుంది. వంతుల్లో నీళ్లు వారానికోసారి వచ్చేచోట పైపు మాట వినడం కుదరదు, వచ్చినప్పుడే పెట్టుకోవాలి. అక్కడ గట్టు ముఖ్యం. ఎలుక బొరియలు, పీత బొరియలు మట్టితో తొక్కి మూసి, దమ్ము సమయంలోనే, అంటే నీళ్లు పెట్టి బురదగా దున్నేటప్పుడే గట్టుకి లోపలివైపు బురద మెత్తండి. దాళ్వాకి 120 రోజుల రకమే వేయాలి, ఎంటీయూ 1010 లాంటిది. దాని పేరే కాటన్ దొర సన్నాలు, ఆనకట్ట కట్టించిన దొర పేరు పెట్టుకున్న వరికే ఇప్పుడు నీళ్లు చాలడం లేదు చూడండి. మొలక విత్తనం డ్రమ్ సీడర్ అనే విత్తే పరికరంతో వేస్తే ఆకుమడి, ఊడ్పు ఖర్చు తప్పి, కోత కూడా వారం ముందొస్తుంది. అంతకీ నీళ్లు రావని డిసెంబరులోనే తెలిస్తే మొండికి పోకుండా మినుము చల్లేయండి.

ఆఖరి తడికి బోరు వేద్దామనుకునేవాళ్లు, ముఖ్యంగా చుట్టూ రొయ్యల చెరువులున్నవాళ్లు, ముందు ఒక సీసా నీళ్లు పట్టి పరీక్ష చేయించండి, అదీ ఏప్రిల్లో, ఎందుకంటే వానాకాలంలో తియ్యగా ఉన్న బోరే అప్పటికి ఉప్పెక్కుతుంది. నాలుక మీద వేసుకుని బాగానే ఉందనుకోవద్దు, ఉప్పు ఎంతుందో నాలుక లెక్కకట్టలేదు.