గౌతమి గట్టు పట్టుకుని సముద్రం దాకా: గోదావరి డెల్టా తిరగడం ఎలా

కోనసీమ వెళ్లొచ్చాం అని చెప్పేవాళ్లలో చాలామంది కొబ్బరిచెట్ల మధ్య నాలుగు ఫొటోలు దిగి, ఒక రాత్రి రిసార్టులో పడుకుని, సాయంత్రం పడవెక్కి వచ్చేసినవాళ్లే. అందులో తప్పేం లేదు. కానీ డెల్టా చూశామంటే మాత్రం నేను ఒప్పుకోను. కొండా లోయా ఏమీ లేని నేల, ఎటు చూసినా వరిచేలే, ఇందులో చూడ్డానికేముంది అనిపించడం సహజం. కిటుకేమిటంటే, ఇంత పల్లపు నేలలో రెండు మూడు అడుగుల మెరక కూడా పెద్ద సంగతే. ఊరు మెరక మీదే ఉంటుంది, పాత గుడి ఇంకాస్త మెరక మీద ఉంటుంది, ఏటిగట్టు వాటన్నిటికంటే ఎత్తుగా పోతుంది. చేల మధ్యలో ఉన్నట్టుండి ఒక దిబ్బ కనిపిస్తే, దాన్ని ఊళ్లోవాళ్లు పాటిదిబ్బ అంటే, అక్కడ ఒకప్పుడు ఊరుండేదని అర్థం. కాస్త కిందికి చూస్తే పెంకు ముక్కలు కనబడతాయి. చూసి అక్కడే వదిలేయండి, జేబులో వేసుకోవద్దు.

డెల్టా మొత్తం ఒకే ట్రిప్పులో చుట్టేద్దామనుకుంటే కారులో కూర్చోవడం తప్ప ఏమీ మిగలదు. ఒక పాయ పట్టుకోండి. ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమి, వశిష్ఠ అని రెండుగా చీలుతుంది, వశిష్ఠ నుంచి మళ్లీ వైనతేయ విడిపోతుంది. మొదటిసారి వెళ్లేవాళ్లకి నేను గౌతమి ఎడమగట్టే చెబుతాను, ఎందుకంటే ఆనకట్ట, పాత గుళ్లు, ఫ్రెంచివాళ్ల ఊరు, మడ అడవి అన్నీ ఇటువైపే వరసగా దొరుకుతాయి. మూడు రోజులు చాలు, బైకుంటే ఇంకా మంచిది.

నవంబరు చివర నుంచి ఫిబ్రవరి దాకా వాతావరణం బాగుంటుంది. జూలై నుంచి సెప్టెంబరు దాకా వరదల కాలం, ఆ రోజుల్లో బయల్దేరే ముందు ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం ఎంతుందో వార్తల్లో చూసుకోండి. 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది ఇస్తారు. మొదటిది వచ్చిందంటే లంకల (ఏటి మధ్య దీవుల) వైపు ప్లాన్ మానుకోవడమే. ఇది తెలియక ఒక సెప్టెంబరులో నేను కోటిపల్లి రేవుకి వెళ్లాను. జనాన్నీ బళ్లనీ ఏరు దాటించే పంటు ఒడ్డున కట్టేసి ఉంది, ఎర్రటి నీళ్లు మెట్లెక్కి వచ్చేస్తున్నాయి. టీ తాగుతున్న పెద్దాయన ఒకాయన నన్నూ బైకునీ మార్చి మార్చి చూసి "ఇవాళ గోదారి ఎవర్నీ దాటనివ్వదు బాబూ, ఎదుర్లంక వంతెన మీంచి చుట్టూ తిరిగెళ్లు" అన్నాడు. అమలాపురం చేరేసరికి చీకటి పడింది.

మొదటి రోజు ధవళేశ్వరంతో మొదలుపెట్టండి, రాజమండ్రిని ఆనుకునే ఉంటుంది. ముందు, ఇక్కడ ఆనకట్ట కట్టించిన ఇంజినీరు ఆర్థర్ కాటన్ పేరున్న మ్యూజియం చూసి ఆ తర్వాత బ్యారేజీ మీదికి వెళ్తే కనబడేది అర్థమవుతుంది. 1847లో మొదలుపెట్టి 1852కి పూర్తిచేసిన ఆనకట్ట ఒకే గోడ కాదు. మధ్యలో లంకలున్నాయి కాబట్టి ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలుగా కట్టారు. ఇప్పుడు మనం నడిచే బ్యారేజీ ఆ తర్వాత దాని స్థానంలో వచ్చింది, అయినా ఆ నాలుగు ముక్కల లెక్క అలాగే ఉంది. బ్యారేజీ మీద నిలబడి ఎగువకి, దిగువకి మార్చి మార్చి చూడండి. ఎగువన సముద్రంలా నీళ్లుంటాయి, డిసెంబరులో దిగువన ఇసుక మేటలు తేలి ఉంటాయి. డెల్టా కాలువలన్నీ ఇక్కడి నుంచే బయల్దేరతాయి. పడవల మీద సరుకు నడిచిన రోజుల్లో ఎత్తు నుంచి పల్లానికి పడవని దించడానికి లాకులుండేవి. ఇప్పుడు పడవలు పోయాయి కానీ లాకులనే మాట ఊళ్లలో ఇంకా బతికే ఉంది, బస్సు కండక్టర్ని లాకుల దగ్గర ఆపమంటే ఆపుతాడు.

మధ్యాహ్నం కెనాల్ రోడ్డు పట్టుకుని బిక్కవోలు వెళ్లండి. తూర్పు చాళుక్యుల నాటి గుళ్లు, 9, 10 శతాబ్దాలవి, కొన్ని ఊళ్లో, కొన్ని చేలలో ఉన్నాయి. గోలింగేశ్వరుడి గుడికి ఎవరైనా దారి చెబుతారు. పొలాల్లో ఉన్నవాటికి మాత్రం మ్యాప్‌ని నమ్ముకోకండి, "నక్కలగుడి ఎటండీ" అని అడగండి, పుంత దారి చూపిస్తారు. చుట్టూ వరి, మధ్యలో ఒంటరిగా రాతి గుడి, లోపల గబ్బిలాల వాసన. నాకైతే డెల్టాలో అన్నిటికన్నా నచ్చిన చోటు అదే. చేలకి నీళ్లు పెట్టి ఉంటే గట్ల మీదే నడవండి, నాటు తొక్కితే రైతు తిడతాడు, తిట్టాలి కూడా.

రెండో రోజు పొద్దున్నే ద్రాక్షారామం. పంచారామాల్లో ఒకటి, కాబట్టి కార్తీక మాసంలో కాలు పెట్టే సందుండదు. దర్శనం అయ్యాక అందరూ బయటికి వెళ్లిపోతారు, మీరు మాత్రం స్తంభాల దగ్గరే ఉండండి. ఈ గుళ్లో వందల శాసనాలున్నాయి. రాతి మీద ఎదురుగా వెలుతురు పడితే అక్షరాలు కనబడవు, అందుకే పొద్దున ఏటవాలు ఎండలో చూడాలి, లేదంటే ఫోన్ టార్చిని స్తంభం పక్కకి ఆనించినట్టు పట్టుకోవాలి. నున్నగా ఉన్నట్టు కనిపించిన రాయి మీద ఒక్కసారిగా నీడలు లేచి వరసలు వరసలుగా అక్షరాలు పైకొస్తాయి. పాత తెలుగు లిపి మొదట అడ్డదిడ్డంగా అనిపిస్తుంది, ఓపిగ్గా చూస్తే శ్రీ, న, మ లాంటివి దొరుకుతాయి, ఒకటి దొరికితే పక్కది ఊహించొచ్చు. అఖండ దీపానికి ఆవుల్నో గొర్రెల్నో ఇచ్చిన దానాలు వీటిలో చాలా ఉంటాయి. అక్షరాలు తేలడానికి సుద్ద, పసుపు రాయడం, నీళ్లు చల్లడం లాంటి పనులు వద్దు.

అక్కడి నుంచి కోటిపల్లి దగ్గరే. వరద లేకపోతే పంటు ఎక్కి అవతల ముక్తేశ్వరం వెళ్లి వెంటనే వెనక్కి రండి. రెండు నావలు జతకట్టి పైన చెక్కలు పరిచిన సంగతి అది, బైకులూ మేకలూ పెళ్లివాళ్లూ అందరూ దాని మీదే. నది మధ్యలోకి వెళ్లాక రెండు ఒడ్డులూ చూస్తే ఇందాక చెప్పిన మెరక లెక్క కళ్లకి కడుతుంది: ఊరు కనబడదు, గట్టు గీత ఒకటి, దాని వెనక కొబ్బరి మొవ్వులు, అంతే.

మూడో రోజు గట్టు వెంటే యానాం. చుట్టూ ఆంధ్ర, మధ్యలో పుదుచ్చేరికి చెందిన ముప్పై చదరపు కిలోమీటర్లు. 1954 దాకా ఫ్రెంచి పాలనే. పాత చర్చి, నది ఒడ్డు చూసుకుని ఎక్కువసేపు ఉండకుండా కోరంగికి బయల్దేరండి, ఎందుకంటే అసలు టైము అక్కడ కావాలి.

కోరంగి అంటే ఇప్పుడు మడ అడవే గుర్తొస్తుంది గానీ, ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు. ఇక్కడి నుంచి బర్మాకి ఎంతమంది వెళ్లారంటే, రంగూన్‌లో తెలుగువాళ్లందరికీ కోరంగీలనే పేరు పడిపోయింది. 1789లో, మళ్లీ 1839లో తుపాన్లు ఊరిని ముంచేశాయి. ఆ రేవు ఎక్కడుందా అని వెతికితే బురద, మడచెట్లు తప్ప ఏమీ కనబడవు.

అభయారణ్యంలో చెక్కబాట మీద నడవడానికి పోటు (సముద్రపు నీళ్లు పైకెక్కడం), పాటు (వెనక్కి లాగడం) చూసుకుని వెళ్లాలి. మొదటిసారి నేను పోటు మీద వెళ్లి పచ్చటి ఆకులూ నీళ్లూ చూసి ఇంతేనా అనుకుని వచ్చేశాను. రెండోసారి పాటులో వెళ్తే అది వేరే అడవి. నీళ్లు లాగేసిన బురదలోంచి మేకులు దిగ్గొట్టినట్టు వేల కొద్దీ వేళ్లు, గాలి పీల్చుకోవడానికి పైకి లేచినవి. వాటి మధ్య ఒక డెక్క మాత్రమే పెద్దగా ఉన్న చిన్న పీతలు దాన్ని ఊపుతూ ఉంటాయి, వేలెడంత చేపలు నీళ్లు వదిలేసి బురద మీద గెంతుతుంటాయి. అలికిడైతే క్షణంలో అన్నీ మాయం, రెండు నిమిషాలు కదలకుండా నిలబడితే మళ్లీ వస్తాయి. పోటు రోజురోజుకీ దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది, కాబట్టి ముందురోజే ఆన్‌లైన్‌లో కాకినాడ పోటు టైములు చూసి పెట్టుకోండి. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో నీళ్లు బాగా లాగుతాయి, వీలైతే అప్పుడే పెట్టుకోండి. బావురుపిల్లి, నీటికుక్కలు ఉన్న అడవే, కానీ పగటిపూట పిల్లి కనబడుతుందని ఆశ పెట్టుకోవద్దు. ఇంకో సంగతి, తిల్ల చెట్టు ఆకు తుంపితే పాలు కారతాయి, కంట్లో పడితే కళ్లు పోయే ప్రమాదం ఉంది. పిల్లలుంటే ముందే చెప్పి పెట్టండి, దారి పక్కన ఏ కొమ్మా విరవొద్దని.