పంటికి క్యాప్, పోయిన పంటికి బ్రిడ్జి: ఎప్పుడు, ఎలా వేయించుకోవాలి?

దవడ పన్ను పిప్పయింది, రూట్ కెనాల్ చేయించారు, నొప్పి తగ్గింది. చాలామంది అక్కడితో ఆపేస్తారు. క్యాప్ సంగతి పండగ వెళ్ళాక చూద్దాం అనుకుంటారు. ఆ పండగకే తేగో చెరకు ముక్కో కొరికితే పన్ను నిలువునా చీలుతుంది. పిప్పి తొలిచింది కొంత, రూట్ కెనాల్ కోసం తవ్వింది కొంత పోయి, మిగిలేవి పల్చటి గోడలే. నమిలే బరువుకి అవి పక్కలకి విచ్చుకుంటాయి. చీలిక వేరు దాకా పోతే పీకించుకోవడం తప్ప దారి లేదు. అప్పుడు ఒక్క క్యాప్‌తో పోవాల్సింది మూడు పళ్ళ బ్రిడ్జి అవుతుంది.

క్యాప్ అంటే ఉన్న పంటిని చుట్టూ అరగదీసి పైన తొడిగే తొడుగు. బ్రిడ్జి అంటే పోయిన పన్ను చోట కట్టుడు పన్ను నిలపడానికి అటూ ఇటూ ఉన్న పళ్ళకి క్యాపులు వేసి, మూడింటినీ ఒకే ముక్కగా అతికించడం. దేనికైనా అరగదీసిన పన్ను మళ్ళీ పెరగదు. అందుకే తొందర పడాల్సింది రూట్ కెనాల్ చేసిన పంటి విషయంలో, ఆలోచించాల్సింది బ్రిడ్జి విషయంలో.

ముందు పన్ను నిలుస్తుందో లేదో తేల్చుకోండి

ఎక్స్‌రే తీయించి డాక్టరుగారిని ఒక్క ప్రశ్న అడగండి: పిప్పి అంతా తీసేశాక చిగురు పైన గట్టి పన్ను ఎంత మిగులుతుంది? చుట్టూ దాదాపు 2 మిల్లీమీటర్ల ఎత్తున సొంత పన్ను ఉంటేనే క్యాప్ దాన్ని పట్టుకుని ఉంటుంది. అంతకంటే తక్కువైతే వేరులో పోస్ట్ (సన్నటి కడ్డీ) దించి పైన సిమెంటుతో దిమ్మ కడతారు, లేదా చిగురు కాస్త కిందికి కోసి పన్ను బయటపడేలా చేస్తారు. ఈ రెండూ కుదరని పంటికి క్యాప్ వేయించడం డబ్బు దండగ.

చిగుళ్ళ నుంచి రక్తం కారుతుంటే ముందు గార తీయించుకోండి. వాచిన చిగురు మధ్య తీసిన అచ్చు సరిగ్గా రాదు. షుగర్ ఉన్నా, రక్తం పల్చబడే మందులు వాడుతున్నా ముందే చెప్పాలి. ఆ మందులు సొంతంగా ఆపేయకూడదు.

ఏ రకం క్యాప్?

పూర్తి మెటల్ క్యాప్ చూడ్డానికి బాగోదని ఎవరూ అడగరు గానీ, నవ్వితే కనపడని చివరి దవడ పంటికి అది మంచి బేరం. పన్ను తక్కువ అరగదీస్తే చాలు, పెచ్చు ఊడదు. లోపల మెటల్, పైన పింగాణీ ఉండే పీఎఫ్ఎమ్ పంటి రంగులోనే ఉంటుంది. దాని బలహీనత పింగాణీలో ఉంది: పీత కాళ్ళు, వక్కలు ఆ పంటితో పగలగొడితే పైపెచ్చు లేచి కింద మెటల్ బయటపడుతుంది. కొన్నేళ్ళకి చిగురు జారితే అంచున నల్లగీత కూడా కనిపిస్తుంది. మూడో రకం జిర్కోనియా, అంటే గట్టి తెల్లటి సిరామిక్. అందులో మెటల్ ఉండదు కాబట్టి ఆ గీత రాదు. గట్టిది, ఖరీదూ ఎక్కువే.

జిర్కోనియాకి పదేళ్ళు, పదిహేనేళ్ళు అని వారంటీ కార్డు ఇస్తారు. అది సాధారణంగా క్యాప్ పగిలితేనే పనికొస్తుంది. లోపలి పన్ను పుచ్చిపోతే కార్డు చూపించి లాభం లేదు, క్యాపులు ఎక్కువగా పాడయ్యేదేమో అలాగే.

మొదటి రోజు

రంగు ఎంపిక పన్ను అరగదీయకముందే, పగటి వెలుతురులో జరగాలి. నోరు చాలాసేపు తెరిచి ఉంచితే పళ్ళు ఆరి తెల్లబడతాయి, అప్పుడు చూసిన రంగు నిజం కాదు. ఎ2, ఎ3 లాంటి నంబర్లున్న నమూనా పళ్ళు పక్కన పెట్టి చూస్తారు. అద్దం అడిగి మీరూ చూడండి.

తర్వాత నమిలే వైపు 1.5 నుంచి 2 మిల్లీమీటర్లు, పక్కల 1 నుంచి 1.5 వరకూ అరగదీస్తారు (మెటల్‌కి ఇంతకన్నా తక్కువ). బతికున్న పన్ను అయితే మత్తు ఇస్తారు. చిగురుకీ పంటికీ మధ్య సన్నటి దారం దూర్చి, అంచు స్పష్టంగా కనిపించాక సిలికాన్ పుట్టీతో అచ్చు తీస్తారు, లేదా స్కానర్ తిప్పుతారు. అచ్చులో అంచు చెదిరితే మళ్ళీ తీయాల్సిందే. డాక్టరు రెండోసారి తీస్తానంటే విసుక్కోకండి. ఆఖర్న తాత్కాలిక క్యాప్ పెడతారు.

ల్యాబ్ నుంచి అసలుది రావడానికి వారం పది రోజులు పడుతుంది. ఈలోగా మామిడి తాండ్ర, కాజా, జీళ్ళు ఆ వైపు పెట్టొద్దు. తాత్కాలిక క్యాప్ తేలిక సిమెంటు మీద ఉంటుంది, తాండ్రతోపాటు అదీ ఊడొస్తుంది. ఊడితే ఆ రోజో మర్నాడో వెళ్ళి పెట్టించుకోండి. ఖాళీగా వదిలేస్తే పక్క పళ్ళు కొద్దిగా జరిగి, వచ్చిన క్యాప్ కూర్చోదు.

అతికించే ముందు చూసుకోవాల్సినవి

సిమెంటు పెట్టకముందే క్యాప్ కూర్చోబెట్టి చూపిస్తారు. పక్క పంటికి ఆనుకున్న చోట ఫ్లాస్ (పళ్ళ సందులు శుభ్రం చేసే దారం) బిగువుగా దిగాలి. వదులుగా జారిపోతే అక్కడ రోజూ అన్నం మెతుకులూ చేప ముళ్ళూ ఇరుక్కుంటాయి, ల్యాబ్‌కి తిరిగి పంపాల్సిందే. నీలం కాగితం కొరికించినప్పుడు క్యాప్ మీద మాత్రమే చిక్కటి మచ్చ పడితే అది ఎత్తుగా ఉన్నట్టు. "కాస్త ఎత్తుగా తగుల్తుందండి" అని మొహమాటపడకుండా చెప్పండి. అలవాటైపోతుందిలే అనుకుంటే నమిలినప్పుడల్లా ఆ పన్ను నొప్పెడుతుంది.

అతికించాక చిగురు అంచున మిగిలిన సిమెంటు పూర్తిగా గీకేయాలి. వారం తర్వాత కూడా చిగురు ఎర్రగా ఉబ్బి ఉంటే సిమెంటు ముక్క లోపల ఉండిపోయిందేమో చూపించుకోండి. మొదటి 24 గంటలు మెత్తటివే తినాలి.

బ్రిడ్జి అయితే

పన్ను పీకించాక రెండు మూడు నెలలు ఆగాలి. ఎముక, చిగురు కుదురుకోకముందే కడితే కట్టుడు పన్ను కింద సందు పడుతుంది. ఏళ్ళ తరబడి ఆగడమూ తప్పే. పక్క పళ్ళు ఖాళీలోకి ఒరుగుతాయి, ఎదురు దవడ పన్ను జారుతుంది.

ఆధారంగా తీసుకునే పళ్ళ వేళ్ళ విస్తీర్ణం పోయిన పళ్ళ వేళ్ళ విస్తీర్ణానికి తగ్గకూడదని 1926లో ఇర్విన్ ఆంటే అనే దంతవైద్యుడు చెప్పిన లెక్క ఇప్పటికీ దంతవైద్యులకి తొలి కొలత. ఒక దవడ పన్ను పోయి, అటూ ఇటూ గట్టి పళ్ళుంటే ఫరవాలేదు. చివరి రెండూ పోయి వెనక ఆధారమే లేకపోతే బ్రిడ్జికి ఒప్పుకోవద్దు. పక్క పళ్ళు రెండూ పిప్పి లేకుండా చక్కగా ఉంటే ఇంప్లాంట్ (దవడ ఎముకలో స్క్రూ దించి దాని మీద పన్ను నిలపడం) గురించి అడగండి; ఖర్చు ఎక్కువ, నెలలు పడుతుంది గానీ మంచి పళ్ళు అరగదీయక్కర్లేదు. పక్కవాటికి ఎలాగూ క్యాపులు కావాల్సి ఉంటే బ్రిడ్జే తెలివైన పని.

రేటు యూనిట్ లెక్కన చెబుతారు. ఒక పన్ను పోతే బ్రిడ్జి మూడు యూనిట్లు. భీమవరం, అమలాపురం, రాజానగరంలో ఉన్న డెంటల్ కాలేజీల్లో తక్కువలో అవుతుంది, కాకపోతే ఎక్కువసార్లు తిరగాలి.

కట్టుడు పన్ను కింద బ్రష్ దూరదు. మామూలు ఫ్లాస్ కూడా పై నుంచి దిగదు, మూడూ ఒకే ముక్క కదా. మొన గట్టిగా ఉండే సూపర్‌ఫ్లాస్‌ని పక్క నుంచి దూర్చి, కింద అటూ ఇటూ లాగాలి. రోజూ రాత్రి ఒకసారి.

బ్రిడ్జికి ఒక వైపు సిమెంటు వదిలేసి, రెండో వైపు పట్టుకుని ఉండటం చాలా చోట్ల జరుగుతుంది. ఊడి చేతికి రాదు, నొప్పి ఉండదు, లోపల పన్ను కుళ్ళుతుంది. కొరికినప్పుడు కొద్దిగా కదిలినట్టున్నా, వాసన వస్తున్నా, వేలితో నొక్కితే అంచున ఉమ్మి బుడగలు వచ్చినా వెంటనే వెళ్ళండి. క్యాపో బ్రిడ్జో పూర్తిగా ఊడొస్తే కడిగి చిన్న డబ్బాలో పెట్టి తీసుకెళ్ళండి, లోపలి పన్ను బాగుంటే దాన్నే మళ్ళీ అతికిస్తారు. ఇంట్లో గమ్ పెట్టి అతికిస్తే వంకరగా కూర్చుని, తీయడానికి కోయాల్సి వస్తుంది.