బాడీ విప్పే ముందు

1946–52 మధ్య వచ్చిన బెంట్లీ మార్క్ సిక్స్ కార్లలో ఎక్కువ వాటికి ఫ్యాక్టరీ ఉక్కు బాడీయే. జేమ్స్ యంగ్ వంటి కోచ్‌బిల్డర్లు (కారు బాడీలు కట్టే సంస్థలు) చేత్తో బాడీ కట్టిన కారు మీ దగ్గర ఉంటే, బాగుచేయడానికి స్పానర్ పట్టే ముందు ఇవి చూసుకోండి.

- ఛాసిస్ (బాడీని మోసే అడుగు చట్రం), ఇంజిన్ నంబర్లను పత్రాలతో సరిపోల్చండి.
- తలుపులు మూసి, చుట్టూ సందు కొలిచి రాసుకోండి. తర్వాత ద్వారాలకు అడ్డంగా ఇనుప కడ్డీలు బిగించండి. బాడీ లోపలి యాష్ చెట్టు కలప చట్రం పుచ్చి ఉంటే, ఛాసిస్ మీంచి ఎత్తగానే బాడీ వంగిపోవచ్చు. చేతిపని కాబట్టి ఆ కొలతలు ఇంకో కారులో దొరకవు.
- పుచ్చిన కలపను పారేయకండి. కొత్త ముక్కకు అదే నమూనా.
- అల్యూమినియం రేకు ఉక్కును తాకేచోట తెల్లటి పొడి రాలుతోందా? లోపల తుప్పు మొదలైనట్టే.
- పాత రంగులో సీసం ఉండవచ్చు. పొడిగా గీకవద్దు, మాస్కు తప్పనిసరి.
- క్రోమ్ మెరుగులు చివర్లో. అందరికీ ముందు దాని మీదే మోజు!