ఓపెన్‌సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు సర్టిఫికేషన్ పరీక్ష రూపొందించడం ఎలా?

ఫ్రీబీఎస్‌డీ, నెట్‌బీఎస్‌డీ, ఓపెన్‌బీఎస్‌డీ, డ్రాగన్‌ఫ్లై బీఎస్‌డీ అనే ఓపెన్‌సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లను నడిపే సిస్టమ్ అడ్మిన్‌ల కోసం ఒక పరీక్ష పెట్టాలని 2005లో కొందరు కలిసి బీఎస్‌డీ సర్టిఫికేషన్ గ్రూప్‌గా ఏర్పడ్డారు. వాళ్ళు మొదట సిలబస్ రాయడానికి కూర్చోలేదు. ఈ సిస్టమ్‌లు వాడేవారు ఉద్యోగంలో ఏయే పనులు చేస్తారో తెలుసుకోవడానికి సర్వే చేశారు. వారి తొలి పరీక్ష బీఎస్‌డీఏ (బీఎస్‌డీ అసోసియేట్) 2008లో గానీ మొదలుకాలేదు. ఆ మధ్యకాలాన్ని నేను జాప్యంగా చూడను. పరీక్షకు విలువ తెచ్చే పనంతా అప్పుడే జరుగుతుంది.

కాబట్టి మీరూ పని జాబితాతోనే మొదలుపెట్టండి. యూజర్ ఖాతా తెరవడం, బ్యాకప్ నుంచి ఒక ఫైలును తిరిగి తేవడం, ఫైర్‌వాల్ నియమం మార్చడం వంటి చిన్న చిన్న పనులుగా విడగొట్టి, ఒక్కొక్క పని ఎంత తరచుగా చేయాల్సి వస్తుందో, తప్పు జరిగితే ఎంత నష్టమో పని చేసేవారినే అడగండి. బ్యాకప్ పునరుద్ధరణ ఏడాదికి రెండుసార్లే అవసరం పడవచ్చు, కానీ ఆ రోజు చేతకాకపోతే సంస్థే కుదేలవుతుంది. అందుకే తరచుదనాన్ని ఒక్కదాన్నే కొలమానంగా తీసుకోకూడదు. వచ్చిన జవాబులను బట్టి ప్రతి అంశానికీ ఒక వెయిటేజీ ఇచ్చి, దాన్ని ముందుగానే అందరికీ ప్రకటించాలి. లైనక్స్ సర్టిఫికెట్లు ఇచ్చే లైనక్స్ ప్రొఫెషనల్ ఇన్‌స్టిట్యూట్ పరీక్షల్లో ఒక్కో అంశం పక్కన కనిపించే అంకె ఇదే. ఆ సంస్థ తొలి స్థాయి సర్టిఫికెట్ ఎల్‌పీఐసీ-1లోని రెండు పేపర్లలో ఒక్కోదానికి 60 ప్రశ్నలు, 90 నిమిషాలు ఉంటాయి, వాటిలో ఏ అంశానికి ఎంత వాటా దక్కుతుందో అభ్యర్థికి ముందే తెలుస్తుంది.

తర్వాతిది ప్రశ్నలు రాయడం. చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే. ‘ఫలానా కమాండ్‌కు ఫలానా ఆప్షన్ ఏం చేస్తుంది?’ అన్న ప్రశ్న జ్ఞాపకశక్తిని కొలుస్తుంది. మ్యాన్ పేజీ (సిస్టమ్‌లోనే ఉండే సహాయ పుట) తెరిస్తే దొరికే జవాబు కోసం ఒకరి ఉద్యోగ భవిష్యత్తును తూచడం న్యాయం కాదు. దాని బదులు ఇలా అడిగి చూడండి: ‘ఫ్రీబీఎస్‌డీ సర్వర్‌లో /వర్ విభజన పూర్తిగా నిండిందని డీఎఫ్ చెబుతోంది, పెద్ద లాగ్ ఫైలును తొలగించారు, డీయూ లెక్కలో ఆ స్థలం తగ్గింది గానీ డీఎఫ్ లెక్క మాత్రం మారలేదు. ఇప్పుడేం చేయాలి?’ (/వర్ అంటే లాగ్ ఫైళ్ళు ఉండే చోటు. డీఎఫ్ విభజన మొత్తంలో నిండిన స్థలాన్ని చెబుతుంది, డీయూ కనిపించే ఫైళ్ళ పరిమాణాన్ని కూడుతుంది.) తొలగించిన ఫైలును ఏదో ప్రాసెస్ ఇంకా తెరిచే ఉంచిందని, తెరిచి ఉన్న ఫైళ్ళను చూపే ఎఫ్‌స్టాట్ కమాండ్‌తో దాన్ని పట్టుకుని ఆ సర్వీసును రీస్టార్ట్ చేయాలని అనుభవం ఉన్నవారు వెంటనే గ్రహిస్తారు. తప్పు జవాబులు కూడా నిజంగా మనుషులు చేసే పొరపాట్లే కావాలి. మరిన్ని ఫైళ్ళు తొలగించడం, మౌంట్ అయి (వాడుకలో) ఉన్న విభజనపైనే ఫైల్‌సిస్టమ్‌ను మరమ్మతు చేసే ఎఫ్‌ఎస్‌సీకే నడపడం అలాంటివి. ఎవరూ ఎంచుకోని జవాబును ఇవ్వడం కాగితం దండగ.

ఎన్ని మార్కులు వస్తే ఉత్తీర్ణత అన్నది గుండ్రటి అంకె చూసి నిర్ణయించేది కాదు. ఆంగాఫ్ పద్ధతిలో విషయ నిపుణులను కూర్చోబెట్టి, కనీస సామర్థ్యం మాత్రమే ఉన్న అభ్యర్థులు నూరుమంది ఈ ప్రశ్నకు జవాబు రాస్తే ఎందరు సరిగ్గా రాస్తారని ఒక్కొక్క ప్రశ్నకూ విడివిడిగా అడుగుతారు. పైన చెప్పిన డిస్క్ ప్రశ్నకు నిపుణుల సగటు 70 అనుకుంటే, కటాఫ్‌లో దాని వాటా 0.7 మార్కు. ఇలా 60 ప్రశ్నల వాటాలూ కూడితే 39 వచ్చిందనుకోండి, అదే కటాఫ్. ఫెయిలైన అభ్యర్థి ఎందుకని అడిగితే ఈ లెక్క చూపించగలగాలి.

ఆ పైన బీటా (ప్రయోగాత్మక) పరీక్ష పెట్టి జవాబులను విశ్లేషించండి. మొత్తం మీద మంచి మార్కులు తెచ్చుకున్నవారు తప్పుగా, తక్కువ వచ్చినవారు సరిగ్గా రాసిన ప్రశ్న కనిపిస్తే లోపం దాదాపుగా ప్రశ్నలోనే ఉంటుంది. దాన్ని రాసినవారు ఎంత పెద్దవారైనా మొహమాటం లేకుండా తీసేయాలి.

వీలుంటే ప్రాక్టికల్ పరీక్షే మేలని నా అభిప్రాయం. లైనక్స్ సంస్థ రెడ్‌హ్యాట్ పెట్టే ఆర్‌హెచ్‌సీఈ పరీక్ష తొలినుంచీ అభ్యర్థి చేత యంత్రంపై పని చేయించింది. చేసిన మార్పులు రీబూట్ తర్వాత కూడా నిలవాలన్న ఒక్క షరతు వంద ఆబ్జెక్టివ్ ప్రశ్నలకు సమానం. అయితే ప్రయోగశాల, దిద్దే స్క్రిప్టులు, పర్యవేక్షణ ఖర్చుతో కూడినవి. స్వచ్ఛందంగా నడిచే ప్రాజెక్టు ముందు సదస్సుల్లో కాగితంపై తక్కువ ఫీజుతో పరీక్ష పెట్టడం గౌరవప్రదమైన ఆరంభమే. బీఎస్‌డీఏ అలాగే నడిచింది, తర్వాత ఆ బాధ్యత లైనక్స్ ప్రొఫెషనల్ ఇన్‌స్టిట్యూట్‌కు చేరి 2019లో బీఎస్‌డీ స్పెషలిస్ట్ పరీక్షగా మారింది.

శిక్షణ ఇచ్చేవారికీ ప్రశ్నలు రాసేవారికీ మధ్య గోడ తప్పనిసరి. వ్యక్తుల సర్టిఫికేషన్ సంస్థలకు వర్తించే ఐఎస్‌ఓ/ఐఈసీ 17024 ప్రమాణం నిష్పాక్షికతను గట్టిగా పట్టించుకునేది ఇందుకే. అమీర్‌పేటలో చదువుకున్నవారెవరికైనా డంప్స్ (బయటికి పొక్కిన పరీక్ష ప్రశ్నలు) అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. సిలబస్ అంతా బహిరంగంగా ఉంచండి, ప్రశ్నల నిధిని మాత్రం గోప్యంగా ఉంచి, ఒకే అంశానికి పలు ప్రశ్నలు సిద్ధం చేసి మారుస్తూ ఉండండి. సోర్స్ కోడ్ అందరిదే అయినా పేరు అందరిదీ కాదు. లైనక్స్ అన్నది దాని సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ ట్రేడ్‌మార్క్, ఫ్రీబీఎస్‌డీ పేరుపై హక్కు ఫ్రీబీఎస్‌డీ ఫౌండేషన్‌ది. సర్టిఫికెట్‌పై ఆ పేరు అచ్చువేసే ముందు రాతపూర్వక అనుమతి తీసుకోండి.

చివరగా గడువు. ఎల్‌పీఐసీ సర్టిఫికెట్‌కు ఐదేళ్ళు, రెడ్‌హ్యాట్ సర్టిఫికెట్‌కు మూడేళ్ళు. మీ సిస్టమ్ విడుదలలు ఎంత వేగంగా వస్తాయో చూసి గడువు పెట్టుకోండి. లైనక్స్‌లో సర్వీసులను మొదలుపెట్టే పాత సిస్‌వీ ఇనిట్ పోయి సిస్టమ్‌డీ వచ్చినట్టు ఏదైనా పెద్ద మార్పు జరిగినప్పుడు, కొత్త విడుదల వెలువడక ముందే దానికి సంబంధించిన ప్రశ్నలన్నిటినీ బయటికి తీసి, మళ్ళీ ఆ పని చేసేవారి ముందు పెట్టండి.